ఆగకు సెల్సో

ఫోను మోగేసరికి తెల్వీనా ఐదో ఆమ్లెట్టు తిరగేయబోతోంది. బంగాళదుంపలతో మందంగా వేసిన ఆమ్లెట్టు మీద పళ్ళెం బోర్లించి, ఊపిరి బిగబట్టి పెనం తిప్పే ఆ క్షణంలో ఎవరు పిలిచినా ఆమె పలకదు. ఇవాళ మాత్రం పెనం పొయ్యి మీదే వదిలేసి హాల్లోకి పరుగెత్తింది. సైకిలు రేసున్న పొద్దుట మొగుడు సెల్సో ఎప్పుడూ ఫోన్ చెయ్యడు.

"పక్కన ఎవరన్నా ఉన్నారా?" అన్నాడు సెల్సో.

"ఎవరూ లేరు. మామయ్య గడ్డం గీయించుకోడానికి వెళ్ళారు. టీవీలో కనబడాలట."

అవతల నవ్వు లేదు. హోటల్లో పళ్ళేల చప్పుడు, ఎవరో ఇటాలియన్‌లో అరుస్తున్నారు.

"ఇవాళ నువ్వు బారు ముందు వేసే బల్ల దగ్గర నిలబడకు."

"మరెక్కడ?"

"ఊరు దాటాక పశువుల తొట్టి మలుపుందిగా, అక్కడ. రెండు సీసాలు తెచ్చుకో. ఒకదాంట్లో నీళ్ళు, ఒకదాంట్లో పంచదార దండిగా వేసిన కాఫీ. ఒక పేపరు కూడా. కనుమ అవతల దిగేటప్పుడు రొమ్ముకి చలి కొడుతుంది."

తెల్వీనా రిసీవరు రెండో చెవికి మార్చుకుంది. అతనేం చెబుతున్నాడో అర్థమైంది. అర్థం కానట్టు ఉండగలిగితే బాగుండునని కూడా అనిపించింది.

రేసు ఎవరి ఊరి మీదుగా పోతే ఆ ఊరివాణ్ణి గుంపు ముందుకి వదులుతుంది. గుంపులో పెద్దరికం చేసేవాడు చెయ్యెత్తుతాడు, నూట యాభై మంది తొక్కుడు తగ్గిస్తారు. వాడొక్కడూ ముందు పోయి, ఇంటివాళ్ళ దగ్గర సైకిలు దిగి, తల్లినో పెళ్ళాన్నో ముద్దుపెట్టుకుని, ఒక గుక్క తాగి, గుంపు వచ్చేసరికి మళ్ళీ ఎక్కుతాడు. ఆ కాసేపూ ఎవరూ పోటీ పడరు. ఇది ఏ నిబంధనల పుస్తకంలోనూ లేదు. అందుకే దాన్ని ఎవరూ తప్పరు.

"బల్ల దగ్గర ఆగవా?" అంది.

"ఆగను. వాళ్ళు వదిలేసరికి నాకు రెండు మూడు నిమిషాల దూరం దొరుకుతుంది. ఊరు దాటితే అంతా కొండే. రేపటి పెద్ద కొండ కోసం పెద్దవాళ్ళంతా ఇవాళ కాళ్ళు దాచుకుంటున్నారు. నన్ను పట్టుకోడానికి ఎవడూ చెమటోడ్చడు. ఒవియెడోలో ముగింపు గీత దాకా నేనొక్కణ్ణే వెళ్ళిపోవచ్చు తెల్వీనా. మొదటివాణ్ణి నేనే."

"నిన్ను నమ్మి వదుల్తారు వాళ్ళు."

"తెలుసు."

"మళ్ళీ ఒక్కడు నీతో మాట్లాడడు."

"పదేళ్ళు మాట్లాడారుగా. ఆ మాటలు చాలు." గొంతు తగ్గించాడు. "నిన్న మేనేజరు పిలిచాడు. వచ్చే ఏడాదికి పేర్లు అనుకుంటున్నారట. నీకు చప్పట్లున్నాయి సెల్సో, గెలుపు లేదు అన్నాడు. ఒక్కటి తీసుకొస్తే ఇంకో రెండేళ్ళు ఉంచుతానన్నాడు. లేకపోతే అక్టోబరు నుంచి ఇంట్లోనే."

ఇంట్లోనే అన్న మాటని అతను జైలు అన్నట్టు అన్నాడు. తెల్వీనా దాన్ని పట్టించుకోలేదు. పట్టించుకోకూడదని అనుకుంది.

"ఆమ్లెట్టు మాడుతోంది," అంది.

"ఉంటావా మలుపు దగ్గర?"

"చూస్తాను."

"చూస్తాననకు. నువ్వు బల్ల దగ్గర కనిపించావంటే నేను ఆగిపోతాను. నా సంగతి నాకు తెలుసు."

ఫోను పెట్టేశాక ఆమె వెళ్ళి మాడిన ఆమ్లెట్టు చెత్తలో వేసింది. మళ్ళీ దుంపలు తరగడం మొదలుపెట్టింది. కత్తి మామూలు కంటే గట్టిగా తగులుతోంది చెక్కకి.

*

సెల్సో నొరియేగా ఇంతవరకూ ఏ రేసూ గెలవలేదు. అయినా దేశంలో అతని మొహం తెలియని బారు లేదు.

ఆరేళ్ళ కిందట ఫ్రాన్సు కొండల్లో ఒక రోజు అతను అందరికంటే ముందు, ఒంటరిగా పైకి ఎక్కుతున్నాడు. శిఖరం కనిపిస్తోంది. వెనకాల జట్టు నాయకుడు నీరసించి వెనకబడ్డాడు. జట్టు కారు పక్కకొచ్చి ఆగమంది. సెల్సో ఆగాడు. మెల్లగా తొక్కడం కాదు, పూర్తిగా ఆగి, ఒక కాలు నేల మీద పెట్టి, మెడ తిప్పి వెనక్కి చూస్తూ నిలబడ్డాడు. కాళ్ళ మధ్య ఒరిగిన సైకిలు, చెమటతో అంటుకుపోయిన జుట్టు, వెనక్కి చూస్తున్న ఆ కళ్ళు. ఆ ఫోటో అన్ని పేపర్లలోనూ వచ్చింది. నాయకుడు ఆ రేసులో మూడోవాడయ్యాడు. అతని పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. ఆగినవాడి పేరు మాత్రం నిలిచిపోయింది.

అప్పట్నించీ ఏ రోడ్డు పక్కన చూసినా జనం ఒకటే కేక, "ఆగకు సెల్సో!" ముసలమ్మలు కిటికీల్లోంచి, బడిపిల్లలు గోడల మీంచి, పోలీసులు సైతం నవ్వుతూ, "ఆగకు సెల్సో!" పరుపుల కంపెనీ ప్రకటనలో అతన్ని పడుకోబెట్టి, "ఇక్కడ ఆగు సెల్సో" అని రాశారు. ఉత్తరాలు, శాలువాలు, మాటాడే చిలక ఒకటి. ఆ చిలకకి కూడా ఆ రెండు మాటలే వచ్చు. దాన్ని తెల్వీనా తన చెల్లెలికి ఇచ్చేసింది.

ఆ ఫోటో ఊళ్ళో బెనీనో బారులో కౌంటరు వెనక గోడంతా ఉంటుంది. శీతాకాలం ఇంటికొచ్చినప్పుడు సెల్సో దానికి వీపు పెట్టి కూర్చుంటాడు. కూర్చోవడం కూడా అంతంతే. గడియారం విప్పుతాడు, మళ్ళీ బిగిస్తాడు, వాకిట్లో వానని చూసి వస్తాడు, నడవాలో అటూ ఇటూ నడుస్తాడు. ఒకసారి తెల్వీనా విసిగిపోయి, "కాస్త కూర్చోవయ్యా, నేల అరిగిపోతోంది," అంది. "నేను ఆగితే చాలు, అందరికీ సంతోషం," అన్నాడు. అతను అలా అనడం ఆమె మొదటిసారి విన్నది అప్పుడే.

*

పదింటికల్లా పళ్ళేలన్నీ గుడ్డలు కప్పి బారు దగ్గరికి తీసుకెళ్ళింది. రోడ్డు పక్కన పొడుగాటి బల్ల వేసి, తెల్ల దుప్పటి పరిచి ఉంది. సెల్సో అభిమాన సంఘానికి బెనీనో అధ్యక్షుడు. అంటే జెండాలు అతని బారులో ఉంటాయి, సంఘం తాగేదంతా అతని దగ్గరే తాగుతుంది. అతని భార్య రొసెండా గ్లాసులు తుడుస్తోంది. మామగారు ఎవారిస్తో నున్నటి గడ్డంతో, పెళ్ళినాటి కోటులో, సిద్రా సీసాలు బల్ల కింద వరసగా పేరుస్తున్నాడు. ఆపిల్ రసం పులియబెట్టిన ఆ సిద్రాని సీసా నెత్తిమీదికెత్తి, కింద మోకాలి దగ్గర పట్టుకున్న గ్లాసులోకి సన్నటి ధారగా పోయాలి. ఆ విద్యలో ఈ లోయలో ఆయనకి సాటి లేదు. కొడుక్కి ఆ ఒక్క గ్లాసూ తన చేత్తో పొయ్యాలని నెల రోజులుగా భుజానికి ఆవిరి పట్టించుకుంటున్నాడు.

"రా కోడలా, రా! చూశావా మన రోడ్డు?" అన్నాడు ఎవారిస్తో.

తెల్వీనా అప్పుడు చూసింది. రొట్టెల దుకాణం మలుపు నుంచి బారు దాకా, వీధి వీధంతా, మనిషి పొడుగు అక్షరాలు. ఆగకు సెల్సో. చివర్లో బల్లకి ఎదురుగా రోడ్డుకి అడ్డంగా ఒక మందపాటి గీత. అచ్చం రేసు ముగింపు గీతలాగే.

"మన ఊళ్ళో వాడే ఫస్టు!" బెనీనో నడుము మీద చేతులు పెట్టుకున్నాడు. "ఇంతవరకూ ఏ గీతా ముందు దాటలేదు కదా పాపం, ఇది దాటుతాడు. హెలికాప్టర్లోంచి టీవీవాళ్ళకి కనబడాలి."

"సున్నమేనా ఇది?" వంగి వేలితో తాకింది తెల్వీనా. నున్నగా, అద్దంలా ఉంది.

"సున్నమా! సున్నం వానకి పోతుందమ్మా. మా తమ్ముడు హిహోన్ రేవు నుంచి తెచ్చాడు. పడవలకి వేసే రంగు. పదేళ్ళు చెక్కుచెదరదు."

ఆమె తలెత్తి ఆకాశం చూసింది. కొండల మీంచి బూడిదరంగు దిగుతోంది. వాన కాదు, జల్లు కూడా కాదు, గాలిలో వేలాడే తడి. చూస్తుండగానే అక్షరాల మీద చిన్న చిన్న బొట్లు నిలబడ్డాయి.

"బెనీనో, దీని మీద సైకిలు నిలవదు."

"ఎందుకు నిలవదు?"

"తడి రంగు మీద బ్రేకు పడితే చక్రం జారిపోతుంది. ఆయన ఎన్నిసార్లు చెప్పారు మీకు, ఈ బారులోనే కూర్చుని! నేరుగా పోతే ఏం కాదు. బ్రేకు పట్టుకున్నావా, నేలని ఎవరో కిందనుంచి లాగేసినట్టుంటుంది, అని."

"చెప్పాడు, చెప్పాడు," అంది రొసెండా గ్లాసు వెలుతుర్లో పట్టి చూస్తూ. "ఈయన విన్నది మాత్రం ఎప్పుడు?"

"లోపల నేల మీద చల్లే రంపపు పొట్టు ఉందిగా, అది తెచ్చి చల్లండి," అంది తెల్వీనా.

బెనీనోకి నిజంగా బాధేసింది. "పొట్టు చల్లితే అక్షరాలు కనబడతాయా? రెండు రోజులు మోకాళ్ళ మీద పాకి వేశాం తెల్వీనా! నీ మొగుడు రోజుకో కొండ దిగుతాడు, ఈ పిసరంత గీత మీద పడతాడా?"

అయినా ఆమె మొహం చూసి లోపలికెళ్ళి, రెండు గుప్పిళ్ళు తెచ్చి గీత అంచున చల్లాడు. కోళ్ళకి గింజలు వేసినట్టుంది.

తెల్వీనా ఆ అక్షరాల పక్కన నిలబడి ఉండిపోయింది. నేరుగా పోతే ఏం కాదు. ఆగనివాడు పడడు. పొద్దున ఫోన్లో విన్న మాట నిజమైతే ఈ రంగు గురించి భయమే లేదు. భయపడుతున్నానంటే, అతను ఆగుతాడని ఎక్కడో నమ్ముతున్నట్టే కదా? లేక ఆగాలని కోరుకుంటున్నట్టా? ఈ ప్రశ్న ఆమెకి నచ్చలేదు. ఆమ్లెట్లు ముక్కలుగా కోసింది. కోసినవాటికి పుల్లలు గుచ్చింది. గుచ్చిన పుల్లలు ఏ వంకరా లేకుండా సరిచేసింది. బల్లకి ఈ కొస నుంచి ఆ కొసకి నడిచింది.

"ఏమే, కాళ్ళలో చీమలు దూరాయా?" అంది రొసెండా. "కూర్చో. మొగుణ్ణి చూసి నెల కూడా కాలేదు, కొత్త పెళ్ళికూతురిలా ఆ తిరుగుడేంటి?"

బల్ల దగ్గర నిలబడితే చాలు. అంతే. చెయ్యాల్సిందేమీ లేదు, ఏప్రన్ తీసేసి మామయ్య పక్కన నిలబడటమే. అతను ఆగుతాడు, నలుగురూ మెచ్చుకుంటారు, అక్టోబరుకి ఇంటికొస్తాడు. ఆమె ఎన్నేళ్ళుగానో కోరుకున్నది అదే. మరి జీవితాంతం ఆ నడవాలో నడుస్తూ, నువ్వు అక్కడ లేకపోతే గెలిచేవాణ్ణి అని ఒక్కసారి కూడా అనకుండా, అనకపోవడమే అన్నట్టుగా...

"ఇంటిదాకా వెళ్ళొస్తా," అంది. "గ్యాసు కట్టేశానో లేదో."

"ఇప్పుడా! రేసు ముందొచ్చే ప్రచారం కార్లు వచ్చేస్తున్నాయే!"

"వస్తానుగా."

ఇంటికెళ్ళి నీళ్ళ సీసా నింపింది. కాఫీలో పంచదార వేసి కలిపి, రుచి చూసి, మరో చెంచా వేసింది. ఆవాళ్టి పేపరు మడిచి చంకలో పెట్టుకుని, వీధి వైపు కాకుండా పెరటి తలుపు తీసుకుని, ఆపిల్ తోటలోంచి అడ్డదారిన కొండెక్కింది. పూలరేకులు తడికి బూట్లకి అంటుకున్నాయి.

*

తొట్టి మలుపు దగ్గర హిహోన్ నుంచి వచ్చిన కుటుంబం ఒకటి కారు ఆపుకుని, డిక్కీ తెరిచి, కింద దుప్పటి పరుచుకుని కూర్చుంది. కారు రేడియో గట్టిగా మోగుతోంది. ఆయన లావుగా, టోపీ పెట్టుకుని ఉన్నాడు. ఆవిడ కత్తితో సాసేజీ కోస్తోంది. తెల్వీనా ఎవరో వాళ్ళకి తెలియదు.

"ఇక్కణ్ణించి బాగా కనబడతారు," అన్నాడాయన చోటిస్తూ. "మెల్లగా ఎక్కుతారుగా. మీరు ఎవరి కోసం?"

"ఊరికే," అంది తెల్వీనా.

"మేం సెల్సో కోసం. వాళ్ళ ఊరే కదా ఇది, కింద. ఇవాళ ఆగుతాడు చూడండి, ముద్దులూ గట్రా."

"ఆగడం ఆయనకి అలవాటే," అంది ఆవిడ. "అలాంటి మొగుడు దొరకాలి. ఈయన మార్కెట్లో కూడా నా కోసం ఆగడు."

"నువ్వు దుకాణం దుకాణం దగ్గరా ఆగుతుంటే నేనెక్కడ ఆగను?"

"గెలవకపోతేనేం, మనసున్న మనిషి. ఏమంటారండీ?" అందావిడ తెల్వీనాతో.

"మనసుంటే గెలవకూడదా?" అంది తెల్వీనా. తన గొంతు అంత కటువుగా వస్తుందనుకోలేదు. ఆవిడ ఒకసారి ఎగాదిగా చూసి సాసేజీ ముక్క అందించింది. తెల్వీనా తీసుకుంది గానీ నోట్లో పెట్టుకోలేదు. మలుపు అంచుకి వెళ్ళింది, వెనక్కి వచ్చింది, తొట్టి మీద సీసాలు పెట్టింది, మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఊరి పైకప్పులు, చర్చి గంట కనిపిస్తున్నాయి. వీధి కనిపించదు.

రేడియోలో మోటారు సైకిలు మీద నుంచి విలేకరి అరుస్తున్నాడు. "గుంపు నెమ్మదించింది! చెయ్యెత్తారు... అవును, వదిలారు! సెల్సో నొరియేగా ముందుకి వస్తున్నాడు. పక్కవాళ్ళు వీపు తడుతున్నారు. సొంత ఊరు, చివరి ఏడాది అంటున్నారు, ఎంత చక్కటి దృశ్యం!"

ఆమె కాఫీ సీసా మూత వదులు చేసి పెట్టుకుంది.

"కానీ ఏమిటిది, చాలా వేగంగా వెళ్తున్నాడే! ఇంటికి వెళ్ళే తొందర! వంతెన దాటాడు. వెనక గుంపు కబుర్లు చెప్పుకుంటోంది. తల దించుకుని తొక్కుతున్నాడు సెల్సో..."

"ఇంత స్పీడుగా పోతే ఎలా ఆగుతాడు?" అన్నాడు టోపీ ఆయన.

కింద నుంచి హోరు లేచింది. మొదట వంతెన వైపు, తర్వాత చర్చి దగ్గర, తర్వాత రొట్టెల దుకాణం. ఊరు ఊరంతా ఒక్క గొంతై, ఆగకు సెల్సో, ఆగకు సెల్సో. అది బారు దాకా వచ్చింది. అక్కడ ఒక్కసారిగా తెగింది. ఆ తర్వాత వచ్చిన చప్పుడు కేక కాదు. నూరు మంది ఒకేసారి ఊపిరి లోపలికి లాగినట్టుంది.

"పడ్డాడు! పడ్డాడు! సొంత ఊళ్ళో, తన ఇంటివాళ్ళ ముందే! రోడ్డు మీద రాసిన తన పేరు మీదే జారిపడ్డాడు సెల్సో!"

తెల్వీనా రెండడుగులు కిందికి పరుగెత్తి, ఆగింది. వెళ్తే అతను పైకొచ్చినప్పుడు ఇక్కడ ఎవరూ ఉండరు. వెళ్ళకపోతే...

"లేచాడు, లేచాడు. లేపుతున్నారు. ఒక పెద్దాయన గ్లాసు పట్టుకుని, తండ్రి అనుకుంటా, అయ్యో, తాగుతున్నాడు! రక్తం కారుతున్నా సిద్రా తాగుతున్నాడు! జనం ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు. భార్య కోసం చూస్తున్నట్టున్నాడు. భార్య ఇక్కడ ఉన్నట్టు లేదు."

టోపీ ఆయన భార్య నాలుక చప్పరించింది. "చూశారా. ఇలాంటి రోజున కూడా రాలేదు మహాతల్లి."

తెల్వీనా తన చేతిలో సాసేజీ ముక్క ఉన్న సంగతి అప్పుడు గుర్తొచ్చి తొట్టి గట్టు మీద పెట్టింది.

*

గుంపు వచ్చింది. పోటీ పడుతున్నట్టుగా లేదు, పెళ్ళి ఊరేగింపులా మెల్లగా. కొందరు ఆమెని గుర్తుపట్టారు. వీళ్ళు శీతాకాలాల్లో ఆమె చేతి వంట తిన్నవాళ్ళు. "వదినా, వస్తున్నాడు, కంగారుపడకు!" అన్నాడొకడు. "గుంపులో తాగుబోతులకి చోటు లేదని చెప్పు!" అన్నాడు ఇంకొకడు. గుంపు పెద్ద, నల్లటి మొహం నిండా ముడతలున్నవాడు, ఆమె పక్కన పోతూ, "మేం మెల్లగానే పోతాం, వచ్చి కలవమను," అన్నాడు. టోపీ దంపతులు నోరు తెరుచుకుని ఆమె వైపు చూస్తున్నారు.

సెల్సో వచ్చేసరికి రోడ్డు ఖాళీగా ఉంది. ఎడమ తుంటి దగ్గర నిక్కరు చిరిగిపోయి చర్మం ఎర్రగా తడిగా మెరుస్తోంది. మోచేతి నుంచి మణికట్టు దాకా అంటుకున్న రంపపు పొట్టు, దాని మధ్య రక్తం. గడ్డం మీద సిద్రా.

ఆమె పక్కన పరుగెత్తుతూ ఒక చెయ్యి అతని వీపున ఆనించి నెట్టింది. రెండో చేత్తో సీసా ఇచ్చింది.

"ఎక్కడెక్కడ తగిలింది?"

"ఏం కాలేదు. పైపైనే."

"సెల్సో..."

"నేను ఆగలేదు," అన్నాడు. ఆమె వైపు చూడకుండా, ముందున్న రోడ్డుని చూస్తూ. "దూసుకుపోతున్నాను. ఆ వెధవ రంగు నన్ను పడేసింది. లేకపోతే ఈపాటికి కనుమ సగం ఎక్కేసుండేవాణ్ణి. విన్నావా? ఆగేవాణ్ణి కాదు."

"విన్నాను. పేపరు పెట్టుకో."

అతను జెర్సీ జిప్పు కిందికి లాగి పేపరు రొమ్ము మీద తోసుకున్నాడు. ఆమె ఊపిరి అందినంత దూరం నెట్టింది. తర్వాత చెయ్యి గాల్లో మిగిలిపోయింది.

"నువ్వు ఉన్నావు ఇక్కడ," అన్నాడు వెనక్కి తిరక్కుండానే, మలుపు తిరుగుతూ.

*

ఆమె ఊళ్ళోకి దిగేసరికి పండగలా ఉంది. బల్ల ఖాళీ అయిపోయింది. బెనీనో ప్రతివాడికీ గీత చూపించి చెబుతున్నాడు. "ఇక్కడ! సరిగ్గా ఈ గీత మీద! ఎంత గౌరవం చూడండి, ఆగబోయి పడ్డాడు పాపం. నేను అప్పుడే అన్నాను పొట్టు చల్లాలని."

"నువ్వన్నావా!" అంది రొసెండా. తర్వాత తెల్వీనా వైపు తిరిగింది. "ఎక్కడ చచ్చావే? మనిషి రక్తాలు కార్చుకుంటూ నీ కోసం చూశాడు. గ్యాసు దగ్గరే కాపరం పెట్టావా?"

తెల్వీనా రోడ్డు మీదికి నడిచింది. ఎవారిస్తో చేతికర్ర మీద ఆనుకుని గీత పక్కనే నిలబడి ఉన్నాడు. ఊరంతా నవ్వుతుంటే ఆయన ఒక్కడే నవ్వట్లేదు.

"పైకెళ్ళావా?" అన్నాడు మెల్లగా.

"వెళ్ళాను మామయ్యా."

"వాడు చెప్తేనే వెళ్ళుంటావు." వంతెన వైపు చూశాడు. "ఆగాలనుకున్నవాడు వంతెన మీద అంత స్పీడులో రాడు. వీళ్ళకి తెలీదు. నేను చూశాను. వాడి తల చూశాను. నా గ్లాసు కోసం వచ్చే తల కాదది."

ఆమె కిందికి చూసింది. అప్పుడు కనిపించింది. తెల్లటి రంగు మీద నల్లటి గీత ఒకటి. వేలి వెడల్పు, టైరు రబ్బరు. బల్ల ఎదుటి తెల్ల గీత దగ్గర వంకర తిరిగి పక్కకి కొట్టుకుపోయింది. కానీ అది మొదలైంది అక్కడ కాదు. ఆమె దాని వెంట వెనక్కి నడిచింది. ఒక అక్షరం, ఇంకో అక్షరం, అతని పేరంతా దాటి, పేరుకి ముందున్న మాట మీదకి. వెనక చక్రం కదలకుండా బిగిసిపోయి ఈడ్చుకొచ్చిన గుర్తు. మొట్టమొదటి అక్షరం దాకా, రొట్టెల దుకాణం మలుపు దాకా ఉంది. మలుపు తిరగ్గానే బల్ల కనిపించే చోటు అదే. బల్ల దగ్గర ఆమె లేదు. అతను ఆగబోయింది ఆమెని చూసి కాదు.

"మామయ్యా, ఇలా రండి."

ముసలాయన కర్ర తాటిస్తూ వచ్చాడు. ఆమె వేలుపెట్టి చూపించింది. ఆయన వంగలేక కర్ర కొనతో ఆ నలుపుని గీరాడు. కొస నుంచి కొస దాకా, బల్ల దాకా చూశాడు. రైతు చూసినట్టు చూశాడు, నాగలిచాలు ఎక్కడ మొదలైందో ఎక్కడ పోయిందో.

"ఇక్కణ్ణించే పట్టాడా బ్రేకు?"

"ఇక్కణ్ణించే."

"ఊఁ," అన్నాడు. జేబురుమాలు తీసి గట్టిగా ముక్కు చీదాడు. "వీళ్ళకి చెప్పకు. వీళ్ళకి తెలిసిందే కదా."

*

సాయంత్రం బారులో టీవీ ముందు నిలబడ్డారంతా. ఒవియెడోలో ఎవరో కుర్రాడు గెలిచాడు. అతని మీద ఎవరికీ ధ్యాస లేదు. ఆఖరి గుంపులో, చేతికి కట్టుతో సెల్సో గీత దాటినప్పుడు బారు పైకప్పు ఎగిరిపోయేంత అరిచారు. తెల్వీనా తలుపు దగ్గర నిలబడి ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. గోడ మీద ఫోటోలో ఆరేళ్ళ కిందటి సెల్సో కాలు నేల మీద పెట్టి వెనక్కి చూస్తున్నాడు. ఆమె ఆ ఫోటోని ఇంతకుముందు ఎన్నిసార్లు చూసిందో. ఎవరూ అతని చేతుల్ని చూడరు. చేతులు ఇంకా బ్రేకుల్ని వదల్లేదు.

కౌంటరు మీద ఫోను మోగింది. బెనీనో ఎత్తి, "మన హీరో!" అని అరిచాడు. ఒక్కొక్కరూ రిసీవరులోకి అరిచి అరిచి చివరికి ఆమె చేతికి వచ్చింది. ఆమె తీగ సాగినంత మేర మూలకి లాక్కెళ్ళింది.

"కుట్లు వేశారా?"

"వేశారు. నొప్పేం లేదు."

"మేనేజరు?"

"ఏమంటాడు. వీపు తట్టాడు. మంచివాడివి సెల్సో అన్నాడు." ఆ మాట అర్థం ఇద్దరికీ తెలుసు. "అక్టోబరు నుంచి ఇంట్లోనే. ఏం చేస్తాను తెల్వీనా, ఇంట్లో?"

"ముందు గడియారం విప్పుతావు."

అతను నవ్వలేకపోయాడు. వెనక మళ్ళీ పళ్ళేల చప్పుడు. "అక్కడ ఏమంటున్నారు?"

"నువ్వు ఆగబోయి పడ్డావంటున్నారు."

"అననీ. నీకు చెప్పానుగా నేను..."

"చెప్పావు."

"మరి నువ్వేమంటున్నావు?"

ఆమె కిటికీలోంచి రోడ్డు చూసింది. తడి ఇంకా ఆరలేదు. ఎవరో పిల్లలు నల్లగీత మీద కాళ్ళు పెట్టి జారుతున్నారు.

"రేపు బయల్దేరేముందు వెనక టైరు మార్పించుకో," అంది. "బాగా అరిగిపోయుంటుంది. రొట్టెల దుకాణం దగ్గర్నించీ బ్రేకు పట్టావు."

అవతల ఏ చప్పుడూ లేదు. లైను తెగిందేమో అనుకుంది.

"నాన్న కూడా చూశాడా?" అన్నాడు.

"చూశారు."

"ఒకసారి ఫోను ఆయనకివ్వు."

తెల్వీనా జనం మధ్యలోంచి రిసీవరు చాచింది. ఎవారిస్తో అరచెయ్యి పెళ్ళినాటి కోటుకి తుడుచుకుని అందుకున్నాడు.